ఖాయమైన స్లాట్

జాకియా రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో నందిగామ వచ్చి, సతీష్‌బాబు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేది. ఆఫీసంటే మందుల షాపు మీద రెండు గదులు, నలుగురు మనుషులు. మార్చి మొదట్లో ఊరి బయట ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి వెబ్‌సైటు చేసే పని వచ్చింది. మిర్చి రైతులు ఫోన్లోనే స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన రోజున బస్తాలు తెచ్చుకోవాలి.

పేజీలన్నీ జాకియా చేసింది. పేరు, ఊరు, ఎన్ని బస్తాలో నింపి బటన్ నొక్కితే 'మీ స్లాట్ ఖాయమైంది' అని పచ్చ అక్షరాలు వచ్చేవి. కానీ ఆ వివరాలు ఎక్కడికీ వెళ్ళేవి కావు. వాటిని అందుకుని దాచుకునే బ్యాకెండ్ ఇంకా లేదు. పేజీ నుంచి అక్కడికి వెళ్ళే దారులు, ఏపీఐ రూట్లు, ఇంకా రాయాలి. కోల్డ్ స్టోరేజీ ఓనరుకి ఎలా ఉంటుందో చూపించడానికి ఆ అక్షరాలను ఆమే ఉత్తుత్తిగా పెట్టింది.

చూపించిన మర్నాడే సతీష్‌బాబు లింకు ఓనరుకి ఇచ్చేశాడు. అది రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది.

"సార్, వెనకాల ఏమీ లేదు. ఎవరన్నా బుక్ చేసినా మనకి తెలీదు," అంది జాకియా.

"అడిగాడు, ఇచ్చా. నాలుగు రోజుల్లో రూట్లు రాసెయ్."

"అప్పటిదాకా ఆ మెసేజన్నా తీసేస్తా సార్."

"తీస్తే ఖాళీగా ఉంటది, బాగోదు. ఉండనీ."

ఆమె ఉండనిచ్చింది. ఆ సాయంత్రమే అతను ఆమెకి ఒక కాలేజీ సైటు పని అప్పగించాడు. రూట్ల మాట వారం దాకా ఎవరూ ఎత్తలేదు.

ఆ వారంలోనే చందర్లపాడు నుంచి బ్రహ్మయ్య అనే కౌలురైతు నలభై బస్తాలు ట్రాక్టరుకెత్తి కోల్డ్ స్టోరేజీకి వచ్చాడు. గేటు దగ్గర ఫోన్ తీసి పచ్చ అక్షరాలు చూపించాడు. లోపలి జాబితాలో అతని పేరు లేదు. ఉన్న చోటంతా నేరుగా వచ్చి చెప్పుకున్నవాళ్ళకి అయిపోయింది. పొద్దువాలేదాకా బతిమాలి, తిరిగి వెళుతుంటే దారిలో వాన పట్టుకుంది. బస్తాలు కప్పడానికి ఒక్క పట్టానే ఉంది.

గొడవ ఆఫీసు దాకా వచ్చింది. జాకియా రెండు రోజుల్లో రూట్లన్నీ రాసేసింది. ఆ తర్వాత బుక్ చేసిన ఒక్క పేరూ తప్పిపోలేదు.

"రూట్లు రాయడం మర్చిపోయింది నేనేనని ఓనరుకి ఒక మెయిల్ పెట్టు. నీ ఉద్యోగానికేం కాదు," అన్నాడు సతీష్‌బాబు.

"నేను ముందే చెప్పా కదా సార్."

"చెప్పావు. ఖాయమైందని రాసింది మాత్రం నువ్వే కదా."

మెయిల్లో జాకియా జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా రాసి పంపింది. మర్నాడు సతీష్‌బాబు ఆమెను ఇక ఆఫీసుకి రావద్దన్నాడు. సైటు మాత్రం ఆమె రాసిన రూట్ల మీదే నడుస్తోంది.

రెండు రోజులాగి చందర్లపాడు వెళ్ళింది. బ్రహ్మయ్య ఇంటి ముందు అతని భార్య రత్నమణి కాయలు ఏరుతోంది. తడిసినవాటికి బూజు పట్టింది. పనికిరాని తాలు కాయల కుప్ప మంచి కాయల కుప్ప కంటే ఎత్తుగా ఉంది.

"ఫోన్లో మీకొచ్చిన 'ఖాయమైంది' అన్న మాట రాసింది నేనేనండి," అంది జాకియా.

బ్రహ్మయ్య గుమ్మంలోకి వచ్చాడు. "అబద్ధమని తెలిసే రాశావా అమ్మా?"

"తెలిసేనండి. ఓనరుకి చూపించడానికని పెట్టా."

"ఆయనకి చూపించడానికైతే మాకెందుకు పంపారు?"

సతీష్‌బాబు పేరు జాకియా నోటి దాకా వచ్చింది కానీ, చెప్పలేదు.

"ఇప్పుడు పనిచేస్తందా అది?" అడిగింది రత్నమణి, చేతులు ఆపకుండానే.

"చేస్తుందండి."

"మంచిది," అందామె. ఘాటుకి దగ్గొచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏరసాగింది. జాకియాను ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు.