బదిలీవాడి చేతులు

ఇవాళ టైమాఫీసు కిటికీలోంచి గుమాస్తా కామేశం నాకు రొంగలి సన్యాసి చేతులు ఇస్తాడు.

బరువైన చేతులు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. నిన్నటి చేతులు విప్పి కిటికీలో పెట్టి, వీటిని తొడుక్కుంటాను. విప్పిన చేతులను ఏ చేతులతో అందిస్తావని అడగకండి. పంతొమ్మిదేళ్ల అలవాటు.

జూట్ మిల్లులో నన్ను బదిలీ అంటారు. పేరుకు బదిలీనే గాని ఈ గేటు దాటి ఎక్కడికీ బదిలీ కాలేదు. సెలవు పెట్టినవాడు చేతులు వదిలి వెళ్తాడు. వాటితో వాడి బదులు పనిచేస్తాను, వాడి పేరుకు బదులు పలుకుతాను. జనపనార అని పేరు బాగానే పెట్టారు. జనానిది పని, మిల్లుది నార.

నా సొంత చేతులు చేరిన రోజునే అరలో పెట్టించారు. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేస్తే పర్మినెంటు. పర్మినెంటువాడికి వాడి చేతులు వాడికి ఇచ్చెయ్యాలి. అది చట్టం. రెండు వందల ముప్ఫై తొమ్మిదో రోజు మర్నాడు ఒకటో రోజు వస్తుంది. అది మిల్లు క్యాలెండరు.

సాయంత్రం ఇంటికి ఆ రోజు చేతులతోనే వెళ్తాను. నా భార్య గవరమ్మ అన్నం చుట్టానికి వడ్డించినట్టు కాస్త దూరం నుంచి వడ్డిస్తుంది. "ఇంకొంచెం ఏసుకోండి" అంటుంది. పెళ్లయిన తొమ్మిదో రోజున మిల్లులో చేరాను. ఆ తొమ్మిది రోజులూ "ఏసుకో" అనేది.

లైన్లో నా వెనక నిలబడ్డ లచ్చుంనాయుడు నన్ను మోచేత్తో పొడుస్తాడు. అతనూ బదిలీయే.

"ఒరే సూరీ, నిన్నటికి నీకు రెండొందల ముప్పై తొమ్మిది గదా. ఇయాళ ఒకటేనేటి?"

"కాదు. ఇయాళ నలభై అంటన్నారు."

"ఏటొచ్చింది ఈలకి?"

వచ్చింది ఉపాధి అధికారి. తెల్ల కారులో వచ్చాడు. ఆయనతో బాటు కొత్త విధానం కూడా వచ్చింది. అది వెనక సీట్లో నిటారుగా కూర్చుని ఉంది, కిందికి దిగదు. ఏడాదికి ఒక్క కొత్త పర్మినెంటు ఉద్యోగం చూపించిన మిల్లుకు కరెంటులో రాయితీ ఇవ్వాలని ఆ విధానం అంటుంది. విధానమే గాని నిదానం లేదు. పదిన్నర లోపల చూపించాలట.

అధికారి కాగితం విప్పేలోపల రొంగలి సన్యాసి రొప్పుతూ వస్తాడు. ఊరెళ్లే బస్సు తప్పిపోయి సెలవు మానుకున్నాడట. నేను అతని చేతులు అతనికి ఇచ్చేస్తాను. "బొటనవేలు జాగర్తగా చూసినావు, సంతోసం" అని లోపలికి వెళ్లిపోతాడు. నేను ఖాళీ భుజాలతో మళ్లీ లైన్లో మొదటివాణ్ణవుతాను.

"దన్నాన అప్పలసూరి!" అంటాడు అధికారి.

బదిలీవాడు చెయ్యకూడని తప్పు ఒకటే. తనకు ఇవ్వని పేరుకు పలకకూడదు. పలికితే వారం రోజులు గేటు బయట. అందరితో బాటు నేనూ వెనక్కి తిరిగి ఎవడా అప్పలసూరి అని చూస్తాను.

"దన్నాన అప్పలసూరి!"

"ఒరే, నిన్నేరా! పలకవేటి?" అని లచ్చుంనాయుడు నా చెవిలో అరుస్తాడు.

"ఇంకా నాకా పేరియ్యలేదు గదా" అంటాను.

"నీ పేరు నీకు ఇయ్యడమేటిరా!"

అతను చెప్పింది సబబే. పలుకుదామని నోరు తెరుస్తాను. పంతొమ్మిదేళ్లుగా పలికిన పేర్లన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చి నిలబడతాయి. అవి లైను తప్పవు. వాటన్నిటి వెనక నాది ఉంది. అది నాలుక మీదికి వచ్చేసరికి మూడో పిలుపు అయిపోతుంది.

"గైర్హాజరు" అని రాసుకుంటాడు అధికారి. ఆయన ముఖంలో కోపం లేదు, నిజానికి కొంచెం వెలుగు ఉంది. "ఉద్యోగం ఉంది. ఉద్యోగి లేడు. ఉద్యోగం పర్మినెంటు, గైర్హాజరూ పర్మినెంటే. మంచిది."

"అయ్యా, అప్పలసూరి నేనే" అంటాను.

ఆయన నా భుజాల వైపు చూస్తాడు. "చేతులేవి?"

జవాబు అరలో ఉంది.

"రానివాడి బదులు లైన్లో మొదటివాణ్ణి పంపండి" అని చెప్పి కారెక్కుతాడు. విధానం కొంచెం జరిగి చోటిస్తుంది.

కామేశం అరలోంచి ఒక జత చేతులు దింపి, దుమ్ము ఊది, కిటికీలో పెడతాడు. "దన్నాన అప్పలసూరివి. జాగ్రత్తగా వాడు. రేపు పొద్దున్నే తిరిగివ్వాలి."

నా చేతులు. ఇరవై రెండేళ్ల వయసు. నున్నగా ఉన్నాయి. మణికట్టు దగ్గర కంకణం కట్టిన చోట పసుపు ఇంకా ఉంది. తొడుక్కుంటే కొంచెం బిగుతు.

నూలు వడికే ఫ్రేము దగ్గర నిలబడతాను. నూలు తెగుతుంది. తెగిన నూలుకు ముడి వెయ్యడం నాకు తెలుసు, కాని తెలిసింది ఎప్పుడూ ఈ చేతులకు కాదు. అవి నూలును చుట్టూ తిప్పి, మూడు ముళ్లు వేసి ఆగిపోతాయి. వాటికి వచ్చిన ముళ్లు అవే.

మేస్త్రీ వస్తాడు. "ఎవలివిరా ఈ సేతులు? పెళ్లికొడుకు సేతుల్లాగున్నాయి."

"అప్పలసూరివి."

"ఆడు పర్మినెంటు. ఆడి సేతులకి పేరెట్టకు. నీకే పని రాదు. రేపట్నించి లైన్లోకి రాకు."

మధ్యాహ్నం గవరమ్మ క్యారేజీతో గేటు దగ్గరికి వస్తుంది. వాచ్‌మన్ ఆమెతో చెబుతున్న మాటలు గేటు లోపలి వైపు నిలబడ్డ నాకు వినిపిస్తాయి.

"మీ ఆయన పర్మినెంటయ్యేడమ్మా. కాని ఇయాళ రానేదు."

"ఉదయాన్నే ఎల్లేడే?"

"ఎల్లినోడు ఎవడో. ఆడి బదులు పన్జేస్తన్నోడున్నాడు, పిలవమంటావా?"

నేను వెళ్తాను. గవరమ్మ నా ముఖం వైపు చూడదు. పంతొమ్మిదేళ్ల నుంచీ ఆమె మొదట చేతులు చూస్తుంది, ఇవాళ ఎవరొచ్చారో తెలుసుకోవడానికి. ఇవాళ కూడా చేతులే చూస్తుంది. క్యారేజీ కింద పెడుతుంది. రెండు చేతులనూ తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, మణికట్టు దగ్గర పసుపు మీద బొటనవేలు పెట్టి రాస్తుంది.

"ఇన్నాల్లకి వొచ్చినావేటి" అంటుంది ఆ చేతులతో.

"గవరమ్మా, నేనే."

అప్పుడు ముఖం ఎత్తుతుంది. మర్యాదగా చూస్తుంది.

"మీరు రోజూ వొస్తన్నోరే గదా బావు. మీకు ఏనాడూ అన్నం తక్కువ సెయ్యలేదు. క్యారేజీ ఇక్కడెడతన్నాను, తినండి. ఈటిని మాత్రం నేను తోలుకెల్తాను."

మెల్లగా లాగుతుంది. నొప్పి లేదు. చేతులు భుజాల నుంచి వదులై ఆమెతో వెళ్లిపోతాయి. అవి ఒక్కసారి కూడా వెనక్కి తిరగవు. తిరగడానికి వాటికి మెడ లేదు.

క్యారేజీ మూత బిగుతుగా ఉంది. దాని ముందు నిలబడతాను.

మిల్లు గొట్టంలోంచి పొగకు బదులు నార రాలడం మొదలవుతుంది. సన్నగా, తడిగా, తుంపరలా, గేటు నుంచి జంక్షను దాకా రోడ్డంతా రాలుతుంది. ఆ రోడ్డున గవరమ్మ నడుస్తూ ఏదో చెబుతోంది, నవ్వుతోంది. "ఏసుకో" అన్న మాట ఒకటి ఇక్కడిదాకా వినిపిస్తుంది. అటొకటి ఇటొకటి గాలిలో నడుస్తున్న చేతులు ఆమె కొంగును ఎత్తి, తడవకుండా ఆమె తల మీద గొడుగులా పట్టుకుంటాయి.