రెండో చుట్టు

రడ్కా మా వెనక గదిలో అద్దెకు దిగింది 2005 నవంబరులో. ఆ పొడవు చూసి ఆక్లాండ్ మౌంట్ రాస్కిల్‌లో మా వీధి వీధంతా బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల అనుకుంది. కాదు, హెప్టాథ్లాన్, అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు అని అందరికీ నేనే చెప్పాల్సి వచ్చేది. "ఒక్కటి చాలదా ఆ పిల్లకి?" అని పక్కింటి శకుంతల జాలిపడింది.

రడ్కాది చెక్ దేశం. పద్నాలుగేళ్లప్పుడు హర్డిల్స్‌తో మొదలుపెట్టి, ఇరవై ఆరేళ్లకు దేశంలో రెండో స్థానానికొచ్చి, ఆ వెంటనే చీలమండ విరగ్గొట్టుకుని మూడేళ్లు ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు ముప్పై ఒకటి. అక్కడ మంచు, ఇక్కడ ఎండ కాబట్టి సాధనకు వచ్చింది. మార్చిలో ఆక్లాండ్ పోటీలో 5,800 పాయింట్లు వస్తే యూరప్ పోటీలకు వాళ్ల జట్టులో చోటు. రాకపోతే ఇక ఆట మానేస్తానని, మా వంటింట్లో గోంగూర కలుపుకుంటూ చాలా మామూలుగా చెప్పింది. నాకే ముద్ద దిగలేదు.

ఏడింట్లో ఆరు ఆమెకు చుట్టాలు. చివరిదైన ఎనిమిదివందల మీటర్ల పరుగు మాత్రం అత్తగారు. ట్రాక్ మీద రెండు చుట్లు. చేతికి వాచీ ఉంటే దాన్నే చూస్తూ నెమ్మదిస్తానంటుంది. కోచ్ ఏమో వాళ్ల దేశం నుంచి ఈమెయిళ్లు పంపిస్తాడు. సరే, నేను నర్సుని, నా యూనిఫాంకు తలకిందులుగా వేలాడే వాచీ ఉంది కదా, టైము నేను చూస్తానన్నాను.

రోజూ ముసలివాళ్ల రెస్ట్‌హోమ్‌లో మధ్యాహ్నం డ్యూటీకి పోయే ముందు ట్రాక్ దగ్గర ఆగేదాన్ని. టైము చీటీ మీద రాసి, టీ ఫ్లాస్కు కింద పెట్టి పోయేదాన్ని. రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. మర్నాడూ అంతే. ఆ చీటీలన్నీ రడ్కా తన గది గోడకు అంటించుకుంది. ఆ గోడ చూస్తే నాకు గర్వంగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

మార్చి పోటీ రానే వచ్చింది. రెండో రోజు ఆరు పోటీలు అయ్యేసరికి లెక్క తేలింది. చివరి పరుగు రెండు నిమిషాల పదమూడు సెకన్లలో ముగిస్తే చాలు.

"హమ్మయ్య! రోజూ పన్నెండులోనే పరిగెడుతోందండీ," అన్నాను మా ఆయన ఫ్రెడ్రిక్‌తో.

"డ్యూటీకి లేటవుద్దని మొదటి చుట్టుకే కారెక్కేదానివి కదా. రెండోది ఎప్పుడు చూశావే?"

"చూడ్డం దేనికండీ? ఒక చుట్టు చూసి డబుల్ చేస్తే..."

అక్కడ ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా పేషెంట్ల నాడి అర నిమిషం లెక్కబెట్టి రెట్టింపు చేస్తున్న చెయ్యి ఇది. మంచం మీద పడుకున్న మనిషికి అది చెల్లుతుంది. పరిగెత్తే మనిషికి రెండో చుట్టులో కాళ్లు బరువెక్కవూ? యేసయ్యా, ఎంత పని చేశాను!

"ఇప్పుడేం చెప్పకు విమలా. ఆ నమ్మకంతోనే పరిగెత్తనీ," అన్నారు ఫ్రెడ్రిక్.

నా వల్ల కాదు. తప్పు రీడింగు ఇచ్చి నోరు మూసుకునే రకాన్ని కాను. గ్యాలరీ మెట్లు దిగి ట్రాక్ కంచె దగ్గరికి పరిగెత్తి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

రడ్కా మొహం తెల్లబోయింది. ఇన్ని నెలల చీటీలు! తర్వాత అడిగింది.

"మొదటి చుట్టు అరవై ఆరు సెకన్లు. అదైనా నిజమేనా?"

"ఒట్టు. అది నిజం."

"అయితే మొదటి చుట్టే రెండుసార్లు పరిగెత్తుతాను," అని నవ్వి, బూట్ల లేసులు బిగించుకుని వెళ్లిపోయింది.

గన్ పేలింది. మొదటి చుట్టు అరవై ఆరు, ఎప్పటిలాగే. రెండోది నేను చూడటం అదే మొదలు. మలుపులో ఆమె భుజాలు బిగుసుకుపోయాయి, నోరు వంకరపోయింది, ఈ దేశపు కివీ పిల్ల ఒకతె దాటేసింది. నా తప్పంతా కళ్ల ముందు పరిగెడుతోంది. "రడ్కా, కదులు తల్లీ!" అని తెలుగులోనే అరిచాను. చివరి వంద మీటర్లలో ఏం శక్తి పట్టుకొచ్చిందో, ఆ కివీ పిల్ల పక్కకే వచ్చేసింది. ఇద్దరూ ఒకేసారి గీత దాటారు. రడ్కా ట్రాక్ పక్క గడ్డి మీద వెల్లకిలా పడిపోయింది.

అందరూ టైము కోసం బోర్డు వైపు చూస్తున్నారు. నేను కంచె దాటి వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"రెండు పన్నెండు పాయింట్ తొమ్మిది! విమలా, వచ్చేసిందే, వచ్చేసింది!" ఫ్రెడ్రిక్ పైనుంచి గొంతు చించుకుంటున్నారు.

రడ్కా ఏడుస్తూ నవ్వుతూ లేవబోయింది. భుజం పట్టి పడుకోబెట్టాను.

"కదలకు. అర నిమిషమే అయింది. ఈసారి నిమిషం పూర్తిగా లెక్కపెడతాను."