ఎముకల పరీక్షకు నేనూ వెళ్లాను

నా మనవరాలిని ఇంట్లో అందరం బొంగరం అంటాం. ఫిజియోథెరపీ చదువుతోంది. కూర్చున్న చోట కుదురుగా కూర్చోదు, మొదలుపెట్టిన మాట పూర్తి చేయదు, స్టవ్ మీద పాలు పెట్టి బాల్కనీలో నిలబడి మబ్బులు చూస్తుంది. దానికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది, ఉందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి చుట్టాలంతా దాన్ని చూసి పాపం అనడం మొదలుపెట్టారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎముకల సబ్జెక్టు అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలో ఉంచరు. అందుకని మా కోడలు ఇంట్లో కర్ఫ్యూ పెట్టింది. టీవీ బంద్, మిక్సీ బంద్, మా అబ్బాయికి దగ్గొచ్చినా మేడెక్కి దగ్గాల్సిందే. అందరం పిల్లుల్లా నడిచాం. మాట్లాడక నాకు కడుపు ఉబ్బిపోయింది. వారం తిరక్కుండానే బొంగరం తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఇల్లింత నిశ్శబ్దంగా ఉంటే మీరేం చేస్తున్నారా అని నా ధ్యాసంతా మీ మీదే ఉంటోంది. మామూలుగా గోల చేయండి, దండం పెడతాను," అంది.

అలా పుస్తకం వంటింట్లోకొచ్చింది, ఎముకలు నా ఒంట్లోకొచ్చాయి. నేను కూరగాయలు తరుగుతుంటే నా చుట్టూ తిరుగుతూ భుజం నొక్కి ఒక పేరు, మోచెయ్యి పట్టుకుని ఇంకో పేరు చెప్పేది. నా ఒంట్లో ఇంత సామానుందని ఇన్నేళ్లూ నాకే తెలియదు. మధ్యలో దాని చూపు ఎటో వెళ్లిపోయేది. అప్పుడు దాని చేతిలో ఉన్న నా వేలు కాస్త కదిపేదాన్ని. తల విదిలించుకుని మళ్లీ మొదటి ఎముక దగ్గర నుంచి మొదలుపెట్టేది. కుదురున్న పిల్లలు ఒకసారి చదవడానికి కూర్చుంటే సరిపోతుంది. ఇది రోజంతా కొత్తగా కూర్చుంటూనే ఉండేది. దాని ధ్యాస చెదరడం లోకమంతా చూసింది గానీ, ఆ పిల్ల దాన్ని వెనక్కి లాక్కొచ్చుకునే తీరు నేను చూశాను. అంత పట్టుదల నాకు లేదు, దాని తాతకూ ఉండేది కాదు.

పరీక్షలో మనిషి ఒంటి మీద పెన్నుతో ఎముకలూ కండరాలూ గుర్తుపెట్టి చూపించాలట. మిగతా పిల్లలు ఒకరి చేతుల మీద ఒకరు గీసుకుంటారు. డాక్టర్ సర్టిఫికెట్ వల్ల దీనికి వేరే గది ఇచ్చారు కాబట్టి జతకు ఎవరూ లేరు. ఇంటి నుంచి ఒకరిని తెచ్చుకోమన్నారు. ఇంకెవరొస్తారు, నేనే బయల్దేరాను. అక్కడ నోరు మెదపొద్దని బస్సులో దారంతా చెబుతూనే ఉంది.

గదిలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఎగ్జామినర్, కళ్లజోడు ముక్కు చివర్న పెట్టుకున్న పెద్దమనిషి. మొదట్లో అడిగినవన్నీ చకచకా చెప్పింది. తర్వాత ఆయన, మనిషి పడబోతూ చెయ్యి ఆనిస్తే మణికట్టులో ఎక్కువగా విరిగే ఎముకేదో గుర్తుపెట్టమన్నాడు. బొంగరం నా చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఎవరో గోడ మీద పాత సున్నం గీకుతున్న చప్పుడు. దాని చూపు అటు పోయింది. తప్పు వేయడానికి ఆయన కలం తీశాడు. వంటింటి అలవాటు ఊరుకోదు కదా, నా చిటికెన వేలు కదిలింది.

బొంగరం ఉలిక్కిపడి నా వేలు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"సార్, మా నానమ్మ నాకు సాయం చేసింది. ఈ ప్రశ్న తీసేసి ఇంకోటి అడగండి."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆవిడ కదిపింది చిటికెన వేలమ్మా. ఆ ఎముక బొటనవేలి వైపు ఉంటుంది."

"తెలుసు సార్. కానీ ఆ వేలు కదలబట్టే నా ధ్యాస మళ్లీ ఈ గదిలోకొచ్చింది."

ఆ స్టూలు కింద గొయ్యి ఉంటే దూకేసేదాన్ని. ఆయన కాగితం మీద ఆ ప్రశ్న కొట్టేశాడు. తర్వాత నా వీపు చూపించి, భుజం రెక్కా, దాన్ని పట్టుకుని ఉన్న కండరాలూ గీయమన్నాడు. తిరుగుతూ గీయొచ్చా అని అడిగింది, సరేనన్నాడు. నా చుట్టూ తిరుగుతూ గీసింది. మధ్యలో పెన్ను ఆగింది. నేను రాయిలా కూర్చున్నాను, ఊపిరి కూడా బిగబట్టాను. పెన్ను మళ్లీ తనంతట తనే కదిలింది.

బయటికొచ్చాక అడగకుండా ఉండలేకపోయాను. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదే అన్నాను.

"నా ధ్యాస ఎక్కడికెళ్లినా నేనే తెచ్చుకోగలనని ఆయన చూడాలి నానమ్మా. రేపు నా పేషెంట్ల దగ్గర నువ్వుండవు కదా," అంది.

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం కాలేజీ వరండాలో క్లర్కు పాసైనవాళ్ల పేర్లు చదివాడు. దాని పేరూ చదివాడు. నేను విన్నాను. అది వినలేదు, మెట్ల మీద చీమలు ఏదో మోసుకెళ్తుంటే వంగి చూస్తోంది. భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తనే వస్తుందిలే అని పక్కన నిలబడ్డాను.