ఆదివారం ఆరింటి చొరబాటు

నేను అనుమానపు పక్షినని మా ఆవిడ రాహేలమ్మ ఎప్పుడూ దెప్పుతుంటుంది. కమలాపురం పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు సీలు చూడకుండా ఒక్క సంచీ తీసుకున్నవాణ్ణి కాను. రిటైరైనంత మాత్రాన ఆ బుద్ధి పోతుందా?

మూడు ఆదివారాలుగా పొద్దున ఆరింటికి నా కంప్యూటర్ తెర మీద ఒక ఎర్ర పెట్టె వచ్చి కూర్చుంటోంది. ఎవరో లోపలికి చొరబడబోయారు, ఫైర్‌వాల్ అడ్డుకుంది, అని. కింద ఒక నెంబరు. ఫోన్‌లో వెతికితే, 192.168తో మొదలయ్యే నెంబరు మన ఇంటి వైఫైలోదేనట. అంటే దొంగ ఎక్కడో లేడు. నా వైఫై వాడుకుంటూ నాకే కన్నం వేస్తున్నాడు.

బయటివాళ్లలో మా వైఫై వాడేది ఎదురింటి దాసన్న వాళ్లే. అతని కూతురు జీవిత బద్వేలు మిషన్ బడిలో టీచరు. శనివారం ఇంటికొస్తుంది, ఆదివారం ల్యాప్‌టాప్ ముందేసుకుంటుంది. నా కంప్యూటర్‌లో మా చర్చి సంఘం సభ్యుల జాబితా ఉంది. వచ్చే నెల సెక్రటరీ ఎన్నికలో నా మీద నిలబడేది దాసన్నే. ఇంక చెప్పేదేముంది? నలభై ఏళ్ల స్నేహం, ఒకే పళ్లెంలో సంగటి తిన్నవాళ్లం. నా ఒళ్లు మండిపోయింది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఎవరి మీదైనా నొప్పి ఉంటే ముందురోజు పాస్టరయ్యగారికి చెప్పుకోవచ్చు. ఆయన ఆ మనిషిని పిలిచి, ఈసారి బల్లకు రావద్దు, నిన్ను నువ్వు పరీక్షించుకో, అంటాడు. చెప్పిందెవరో, తప్పేదో చెప్పడు. అతనే వెతుక్కుని సర్దుకోవాలి. పెద్దల నాటి పద్ధతి. నేను వెళ్లి దాసన్న పేరు చెప్పాను.

ఆ ఆదివారం అందరం బల్ల దగ్గరికి కదిలితే దాసన్న ఒక్కడే తల దించుకుని బెంచీ మీద ఉండిపోయాడు. తప్పు లేనివాడైతే ఎందుకని అడగడా అనుకున్నాను. ఇంటికొచ్చి వైఫై పాస్‌వర్డ్ మార్చేసి, మా ఇంట్లో ఉన్నవాటన్నిటికీ కొత్తది నా చేత్తోనే పెట్టాను.

మరుసటి ఆదివారం ఆరింటికి మళ్లీ ఎర్ర పెట్టె వచ్చింది. పాస్‌వర్డ్ మార్చినా దొంగ లోపలే ఉన్నాడు.

సోమవారం కడప నుంచి కంప్యూటర్ షాపు అమ్మాయి శివానిని పిలిపించాను. ఆ నెంబరు ఎవరిదో అయిదు నిమిషాల్లో తేల్చేసింది.

"ఇది మీ టీవీ సార్. ఆన్ చేస్తానే, ఇంట్లో కంప్యూటర్లలో పాటలు, ఫొటోలు యాడుండాయా అని తడుముతాది. ఫైర్‌వాల్‌కు దొంగ మాదిరి కనపడ్తాది, అంతే."

"ఆదివారమే ఏంటికి తడుముతాది?"

"ఆ పొద్దు టీవీ ఎవురు పెడ్తారు సార్?"

"నేనే," అంది వంటింట్లోంచి రాహేలమ్మ. "ఆరాధన పాటలకు. కడమ దినాల్లో నాకు యాడ తీరుతాది?"

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ దాసన్న ఇంటికి వెళ్లాను. వసారాలో శనక్కాయలు ఒలుస్తున్నవాడు లేచి, నేను నోరు తెరిచేలోపే చేతులు జోడించాడు.

"వచ్చినావా లేవీ. నన్ను బల్లకు రావద్దనిరి, ఆ పొద్దే మీ వైఫై ఆగిపాయె. నీకు తెలిసిపోయిందని అప్పుడే అర్థమయింది. ఎనిమిది దినాలుగా నాకు నిద్ర లేదప్పా."

నాకేమీ తెలియదని అప్పుడే చెప్పాల్సింది. పాడు అనుమానం, చెప్పనిస్తుందా? నోరు మూసుకుని కూర్చున్నాను.

"బద్వేలు బడి ఉద్యోగం మీ మహిమకే రావల్సింది. ఆ పిల్లకు మూర్ఛలొస్తాయని బడి కమిటీలో చెప్పింది నేనే. మా జీవిత కోసరం చెప్పినా."

మహిమ నా కూతురు. ఆరేళ్లుగా కడపలో బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపిస్తోంది. ఆ బిడ్డకు ఏనాడూ మూర్ఛ రాలేదు. దేవుడు నీకు ఆ ఉద్యోగం రాసిపెట్టలేదమ్మా అని సర్దిచెప్పింది నేనే. దాసన్నను కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు.

"నీకెట్ల తెలిసింది లేవీ?" అన్నాడు.

"నాకేమీ తెలీదు దాసన్నా. మా కంప్యూటర్లోకి నువ్వు దూరినావనుకుని అయ్యగారికి చెప్పినా. అది మా టీవీ అంట. ఆ మాట చెప్పిపోదామనే వచ్చినా."

మళ్లీ శనక్కాయల ముందు కూలబడ్డాడు.

"అయితే నేను చెప్పకుండా ఉంటే సరిపోయుండునే," అన్నాడు మెల్లగా.

"నాకూ అట్లే అనిపిస్తాండాది," అన్నాను.