లేని చప్పుడు

పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుని గౌస్ బాషా కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ పిడి ఆనే చోట చర్మం కాయకట్టి పాత తోలుముక్కలా నల్లబడింది. ఇంజన్ చప్పుడు నిండుగా, ఒకే తీరుగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా వినిపిస్తోంది. ఇంత శుభ్రమైన చప్పుడు విని ఎన్నాళ్లయిందో.

అతనికి అసహ్యం వేసింది. తర్వాత తాను చేయబోయేదేమిటో అతనికి తెలుసు.

పక్కన నాగేంద్రబాబు దగ్గాడు. మిర్చి వ్యాపారి, ఈ కారు కొనబోయేవాడు. చొక్కాలోంచి ఘాటు, నోట్లోంచి వక్కపొడి వాసన. పాత కారు కొనేవాళ్లంతా మెకానిక్ బాషాని వెంటబెట్టుకుపోతారు. వాళ్లకు కావలసింది అతని చెవి కాదు, నాలుక. అమ్మేవాళ్ల ముందు ఒక్కసారి 'ప్చ్' అంటే ధర దిగుతుంది. ఒకప్పుడు విన్నది విన్నట్టు చెప్పి సంపాదించుకున్న పేరు. ఇప్పుడు దాన్నే కొంచెం కొంచెంగా నమిలి ఉమ్మేస్తున్నాడు.

"ప్చ్" అన్నాడు.

స్క్రూడ్రైవర్ కొనని గుడ్డతో తుడిచాడు.

"ఏం బాషా, ఏమన్నా ఉందా?" నాగేంద్రబాబు ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"లోపల చిన్న చప్పుడుందండీ. ముందు ముందు ఇంజన్ దించాల్సొస్తుంది."

గుమ్మంలో నిలబడ్డ సుబ్బరావమ్మ మెట్లు దిగి వచ్చింది. కారు ఆమె భర్త పిచ్చయ్యది. మూడు నెలల కిందట పోయాడు. ఆమె గట్టిగా అరిస్తే బాగుండుననుకున్నాడు బాషా. ఆమె అరవలేదు. అతని మొహంలోకి చూసింది.

"నిజంగా ఉందా అన్నయ్యా? నీకు వినపడిందా?"

"ఉందమ్మా."

"ఆయన నెల్లాళ్లు మొత్తుకున్నాడు, కార్లో ఏదో టిక్కుటిక్కుమంటోందని. షెడ్డువాళ్లు ఏం లేదన్నారు. నేనైతే మీ చెవులే మోగుతున్నాయి పొండన్నాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది చూడ్డానికే చీమకుర్తి రోడ్డు మీద ఆపి, బానెట్ ఎత్తి వంగాడంట. రాళ్ల లారీ... కారుకి గీతన్నా పళ్లేదు. చావుకొచ్చినోళ్లు కూడా, పిచ్చయ్యకి పిచ్చే, లేని చప్పుడు కోసం పోయాడన్నారు."

ఆమె మొహం మెల్లగా తేటపడింది.

"నువ్వొక్కడివి విన్నావు. చాలు."

నాగేంద్రబాబు చెప్పిన ధరకే తలూపి, తాళం బాషా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నిజం చెబితే ఆమెకి డబ్బు మిగులుతుంది, మొగుడు మళ్లీ పిచ్చివాడవుతాడు. నోరు మూసుకోవడానికి ఇంత మంచి కారణం దొరికినందుకు బాషా లోపల ఏదో హాయిగా ఊపిరి పీల్చుకుంది. దాని గొంతు నులమాలనిపించింది.

కారు అతనే నడిపాడు.

"భలేవాడివయ్యా బాషా! అబద్ధమాడి ఆవిడ చేత కన్నీళ్లు కూడా పెట్టించావు," నాగేంద్రబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు.

లారీల రోడ్డు మలుపులో చక్రం తిప్పగానే, టిక్.

నవ్వు ఆగిపోయింది. "ఏందయ్యా ఇది? నువ్వు చెప్పింది అబద్ధమేగా?"

బాషా కారు పక్కకి ఆపాడు. బానెట్ జోలికి పోలేదు. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. చిన్న అల్యూమినియం డబ్బీ తగిలింది. తమలపాకులకి రాసుకునే సున్నం డబ్బీ. మలుపు తిరిగినప్పుడల్లా జారి సీటు కింది ఇనుముకి కొట్టుకుంటోంది. కారు నిలబెట్టి వినే చెవికి అది ఎన్నటికీ వినపడదు. పిచ్చయ్య తన జేబులోంచి జారిన డబ్బీని ఇంజన్లో వెతుకుతూ పోయాడు.

"ఇంతేనా! పారెయ్," అని నాగేంద్రబాబు కిటికీలోంచి ఉమ్మాడు.

వెనక్కి తిరిగితే ఐదు నిమిషాల దారి. ఈ డబ్బీ ఆమె చేతిలో పెట్టి, చప్పుడు నిజమేనమ్మా, కారుకి మాత్రం ఏమీ కాలేదు అంటే చాలు. ఆమె ఏదీ పోగొట్టుకోనక్కర్లేదు. గంపెడు కారణాలున్న నోటికి ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

బాషా గేరు వేశాడు. కారు ముందుకే పోయింది, చప్పుడు లేకుండా.

డబ్బీ అతని షెడ్డులో తుప్పు పట్టిన బోల్టుల మధ్య ఉంది. లోపల సున్నం ఎండి నెర్రెలిచ్చింది. నడుమ, పిచ్చయ్య చూపుడు వేలితో తీసుకున్న చోట, గుంట ఇంకా అలాగే ఉంది.