మూడేళ్ళ ఆయిల్

తెల్లవారగానే ఫెమియా మాయెస్తాస్ చేసే మొదటి పని కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టడం, రెండోది బండి స్టార్ట్ చెయ్యడం, మూడోది ఆ బండిని తిట్టడం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎండకు కమిలిన చేతులు, ఊరందరికీ తెలిసిన నోరు. ఆమె పికప్ బండి నాలుగు లక్షల పదకొండు వేల మైళ్ళు తిరిగింది. వెనక మూడు వందల గ్యాలన్లు పట్టే తెల్ల ట్యాంకు ఉంటుంది. మా మిట్ట మీద పధ్నాలుగు ఇళ్ళు ఆ ట్యాంకు నీళ్ళే తాగుతాయి. న్యూ మెక్సికో ఉత్తరాన మిట్టల మీద ఎంత లోతు బోరు వేసినా నీళ్ళు పడవు, దుమ్ము పడుతుంది. కింద వాగు పక్కనున్న బావి నుంచి ఆమె తోలుకు రావలసిందే.

తిట్టడానికి కారణం లేకపోలేదు. చలి మొదలైన దగ్గరనుంచీ తాళం తిప్పగానే ఇంజను ముందు భాగంలో చైను గలగలా కొట్టుకుంటోంది. మొదట్లో అయిదు సెకన్లు మోగి ఊరుకునేది. ఇప్పుడు అర నిమిషం మోగుతోంది. అది మోగినప్పుడల్లా ఫెమియా ఒక డబ్బా చిక్కటి ఆయిల్ తెచ్చి పోసేది. నెల గడిచాక ఇంకా చిక్కటిది. అప్పటికి శబ్దం తగ్గేది, తగ్గింది కదా అని ఆమె సంతోషించేది.

అక్టోబరులో ఒక గురువారం నిండు ట్యాంకుతో ఏటవాలు ఎక్కి పైన నిలబెట్టేసరికి ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద పడుకుంది. ఫెమియా వెంటనే ఇంజను ఆపేసింది. అక్కడినుంచి రోడ్డు పల్లం కనక బండిని గేరులోంచి తీసి, దొర్లించుకుంటూ తమ్ముడి షెడ్డు ముందుకు తెచ్చి ఆపింది.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, బాబాయి కొడుకు ఒనెసిమో. మిట్ట మీద ఉన్న ఒకే ఒక్క మెకానిక్కు. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, ఎండలో పట్టుకుని చూశాడు. పుల్ల చివర ఆయిల్ బొట్టు కారలేదు, అంటుకుని ఉండిపోయింది.

"అక్కా, ఇందులో ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?"

"పోస్తూనే ఉన్నానుగా."

"పొయ్యడం నేనడగలేదు. మార్చడం అడిగాను."

ఫెమియా జునిపర్ చెట్ల వైపు చూసింది. అతను రెట్టించలేదు. ఎన్నాళ్ళయిందో అతనికీ తెలుసు, ఎందుకో కూడా తెలుసు.

బండిలో మాట్లాడుకున్న మాటలు ఇంజను ఆయిల్లోకి దిగుతాయి. మార్చేటప్పుడు నట్టు విప్పగానే నల్లగా కారుతూ, కారినంతసేపూ మాట్లాడతాయి. మొగుడూ పెళ్ళాల తగువులు, సంతలో బేరాలు, ఒంటరిగా పాడుకున్న పాటలు అన్నీ వస్తాయి. అందుకే ఒనెసిమో నట్టు మీద పానా పెట్టే ముందు రేడియో పెద్దగా పెడతాడు. పొరుగువాడి ఆయిల్ మాటలు చెవిని వేసుకోకపోవడం మా దగ్గర మర్యాద. పాత ఆయిల్‌ని అలాగే పీపాలో పోసి మూత బిగిస్తే చల్లారి ఊరుకుంటుంది.

ఫెమియా ఆయిల్లో మూడేళ్ళ కిందటి మాటలున్నాయి. అప్పుడు ఆమె అక్క బెలెన్ పోయింది. బావి ఉన్న నేల తండ్రి బెలెన్‌కి ఇచ్చాడు, బెలెన్ తరువాత మొగుడు ఫిదెన్సియోకి వచ్చింది. సమాధి మీద మట్టి ఆరకముందే ఆయన బావి గేటుకి తాళం వేశాడు. ఫెమియా బావని బండిలో ఎక్కించుకుని బావి దగ్గరకు తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పటికి తాళంచెవి ఆమె చేతిలో ఉంది. "ఈ బండి నడిచినంత కాలం తోడుకో" అన్నాడని మిట్ట అంతా చెప్పుకుంది. ఆ మాట ఎలా అనిపించుకుందో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫాదరు ముందు కూడా అవసరానికి మించి తల వంచని మనిషి ఆ రోజు బండిలోనే బావ కాళ్ళు పట్టుకుంది. అది ఎవరి చెవినైనా పడుతుందేమోనని మూడేళ్ళుగా ఆయిల్ పోస్తూ వచ్చింది గాని ఒక్కసారీ తీయించలేదు.

"నువ్వు దీనికి ఆయిల్ పొయ్యలేదక్కా, గంజి పోశావు," అన్నాడు ఒనెసిమో. "చైనుని బిగించి పట్టుకునే టెన్షనర్లు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. ఒత్తిడి లేక చైను వదులయింది. వదులైన చైను పక్కనున్న ప్లాస్టిక్ పట్టీల్ని కొట్టింది. శబ్దం వచ్చిందని నువ్వు ఇంకా చిక్కటిది పోశావు. ఆయిల్ పంపు దాన్ని పీల్చలేక ఇంకా నీరసపడింది."

"అంతా నా తప్పే అంటావు."

"సగం నీది. సగం నాది, అడగనందుకు."

"పట్నంలో షాపువాడు తుక్కుకి వెయ్యమన్నాడు."

"వాణ్ణి తుక్కుకి వెయ్యమను. ఇంజను బాగానే ఉంది. శనివారానికి లేపుతాను."

రేడియో పెట్టి నట్టు విప్పితే కాస్త పలచటిది మాత్రం కారింది. ఈ మధ్య ఆమె బండిని తిట్టిన తిట్లు గుసగుసలాడి ఆగిపోయాయి. మిగిలింది అడుగున ముద్దగా కూర్చుంది.

శుక్రవారం పొద్దున ఇంజను ముందు మూత విప్పారు. చైను వేలితో నొక్కితే అంగుళం లోపలికి పోతోంది. ఎడమవైపు ప్లాస్టిక్ పట్టీ సగమే ఉంది. మిగతా సగం ఏమైందో ఒనెసిమోకి చూడకుండానే తెలుసు. అయినా బండి కింద పడుకుని అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దింపాడు. పంపు మూతికి ఉన్న జల్లెడలో పట్టీ ముక్కలు పళ్ళలా ఇరుక్కున్నాయి, వాటిచుట్టూ నల్లటి ముద్ద గట్టిపడింది. ఆ జల్లెడలోంచి పంపు ఏమి తాగుతుంది?

"చైను, పట్టీలు, టెన్షనర్లు, పంపు కొత్తవి వేస్తాను. జల్లెడ కిరసనాయిల్లో కడిగితే చాలు," అన్నాడు.

అప్పటికే మిట్ట మీది జనం ఖాళీ డబ్బాలతో షెడ్డు ముందు చేరారు. గురువారం తెచ్చిన నీళ్ళు పంచుతున్నారు, ఇంటికి రెండు డబ్బాలు. ఎనభై ఏళ్ళ ట్రాన్సితో అనే ముసలమ్మ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది. ఆవిడ ఇంటికి నీళ్ళు వచ్చినా రాకపోయినా వింత మాత్రం వదులుకోదు.

ఫిదెన్సియో లుహాన్ వచ్చాడు. ఆదివారం వేసుకునే టోపీ శుక్రవారం పెట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పికి చేతికర్ర. చెడ్డవాడేం కాదు. ఒంటరిగా ఉండి ఉండి, అడిగిన వాళ్ళందరికీ కాదనడం ఒక్కటే తన చేతిలో మిగిలిందని అనుకునే మనిషి.

"బండి ఆగిందట," అన్నాడు.

"బాగవుతోంది," అంది ఫెమియా.

ఆయన నేలమీద గోనెపట్టా మీద పరిచిన సామాను కర్రతో చూపించాడు. "ఇది నడిచే బండా? నడిచినంత కాలం అన్నాను. మూడేళ్ళు నడిచింది, నేను పల్లెత్తు మాట అనలేదు. యాత్రికులకి గుడారాలు వేసే కంపెనీవాళ్ళు సోమవారం వస్తున్నారు. బావి వాళ్ళకి కావాలి, బావిలో ఇంకొకరు తోడకూడదంటున్నారు. తాళంచెవి ఇచ్చెయ్యి మరదలా."

డబ్బాలతో నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఆయన అడుగుతున్నాడు. బావి పోతే మిట్ట మీద ఎవరూ ఉండలేరు, అది ఫిదెన్సియోకి తప్ప అందరికీ కళ్ళకు కడుతోంది.

"గుడారాల్లో పట్టుపరుపుల మీద పడుకుని చుక్కలు చూడ్డానికి వచ్చేవాళ్ళు స్నానాలు చెయ్యాలి, మేము దుమ్ము తాగాలి," అంది ట్రాన్సితో ముసలమ్మ.

"నేను మాట తప్పడం లేదమ్మా. మాట ప్రకారమే పోతున్నాను."

ఒనెసిమో ఆ గొడవ తనది కాదన్నట్టు జల్లెడ తీసుకుని కిరసనాయిలు బకెట్టు దగ్గరకు వంగాడు. ఫెమియా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు. అది ఇటివ్వు."

"దేనికక్కా?"

ఆ రోజు బావి దగ్గర బండిలో తను ఏడుస్తూ ఏదో అడిగితే బావ ఇంకా ఏదో అన్నాడని ఫెమియాకు లీలగా గుర్తు. గాలి హోరులో ఆ మాట సరిగా వినబడలేదు, వినే స్థితిలోనూ లేదు. అది మేలుచేసే మాటో కీడు చేసే మాటో తెలియదు. ఆ మాట రావాలంటే ముందు తన ఏడుపు రావాలి, పధ్నాలుగు ఇళ్ళవాళ్ళూ వినాలి. ఇన్నాళ్ళు ఇంజను చావడానికైనా ఒప్పుకుంది గాని దానికి ఒప్పుకోలేదు.

"రేడియో ఆపు," అంది.

ఒనెసిమో ఆపలేదు. అలాంటి పని అతని షెడ్డులో ఎన్నడూ జరగలేదు. ఆమే వెళ్ళి తీగ ఊడబెరికింది. షెడ్డు పక్కన మిరపకాయలు కాల్చుకునే పీపా పొయ్యి మండుతోంది. ముద్ద కరిగి కారితే మాటలు వస్తాయని దాని మీద రొట్టెల పెనం పెట్టి, పెనం మీద జల్లెడ బోర్లించింది.

జనం మర్యాదకి పక్కకు తిరిగి పోబోయారు. ట్రాన్సితో ముసలమ్మ కూడా చెవులు మూసుకుంది, వేళ్ళు కాస్త వదులుగా పెట్టి.

"ఎవరూ పోవద్దు," అంది ఫెమియా. "అందరూ వినండి. నేను చెబుతున్నాను."

ముద్ద కరగడం మొదలుపెట్టింది. మొదట చైను మోత, ఒక తుమ్ము, గేరుకి చెప్పిన బూతు. తరువాత పెనం మీద నల్లటి బుడగ పగిలి ఫెమియా గొంతు వచ్చింది. ఎవరూ ఎప్పుడూ వినని గొంతు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను పుట్టి ఎవర్నీ ఏమీ అడగలేదు, నిన్ను అడుగుతున్నాను. ట్రాన్సితో ముసలమ్మ ఇంట్లో రెండు రోజులుగా చుక్క లేదు. నన్ను నీ గుమ్మంలో పడి ఉండమను, ఉంటాను. తాళం తియ్యి."

తరువాత చాలాసేపు ఏడుపే వచ్చింది. ఫెమియా ముఖం చెవుల దాకా ఎర్రబడింది. చచ్చిపోవాలనిపించేంత సిగ్గేసింది. అయినా నడుం మీద చేతులు పెట్టుకుని, ఒక్కొక్కరి కళ్ళలోకీ చూస్తూ నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ట్రాన్సితో ముసలమ్మ చెవుల మీంచి చేతులు తీసేసింది.

బుడగ ఇంకొకటి పగిలింది. ఒక దగ్గు, ఆ తరువాత ఫిదెన్సియో గొంతు.

"ఏడవకు. నువ్వేడిస్తే బెలెన్ ఏడిచినట్టే ఉంది. తోడుకో. ఈ బండి నడిచినంత కాలం తోడుకో."

"ఆగితే?" అంది ఫెమియా గొంతు వెక్కుతూ.

"ఆగితే బాగు చేసుకో. నూరుసార్లు ఆగితే నూరుసార్లు బాగు చేసుకో. ఆగిందని చెప్పి ఏనాడైనా తాళంచెవి అడిగితే నన్ను మనిషనకు."

పెనం మీద మిగిలినది పొగ అయిపోయింది. ఒనెసిమో పట్టకారుతో జల్లెడ తీసి చేతులు కడిగిన మురికినీళ్ళలో వేశాడు. అది చుయ్యిమని ఊరుకుంది.

"అది నేనేనా?" అన్నాడు ఫిదెన్సియో.

"నీ గొంతే," అంది ట్రాన్సితో ముసలమ్మ. "దగ్గు కూడా నీదే."

ఆయన కర్ర నేలకు ఆన్చి దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. తను అన్న మాట నిజంగానే మరిచిపోయాడో, మరిచిపోవడం సుఖమని మరిచిపోయాడో ఆయనకే తెలియాలి. టోపీ కిందికి లాక్కుని వెళ్ళిపోయాడు. ఫెమియా కుర్చీ కోసం చూస్తే ట్రాన్సితో ముసలమ్మ తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. ఆవిడ కుర్చీ ఇంకొకరికి ఇవ్వడం మేం చూడటం అదే మొదటిసారి.

ఆ తరువాత పని గబగబా సాగింది. కొత్త పంపు బిగించారు. చైను మీది గుర్తులు పళ్ళచక్రాల మీది గుర్తులకు సరిపోయాయో లేదో ఒనెసిమో మూడుసార్లు చూసి, ఫెమియా చేత నాలుగోసారి చూపించాడు. శనివారం మధ్యాహ్నానికి మూత పడింది. పలచటి కొత్త ఆయిల్ పోశారు. పెట్రోలు అందకుండా ఆపి, ముందు ఉత్తినే తిప్పారు. ముల్లు కదలలేదు. ఇంకోసారి తిప్పారు. మూడోసారికి ముల్లు బద్ధకంగా లేచి, మధ్యకు వచ్చి నిలబడింది.

"ఇప్పుడు పెట్రోలిచ్చి తిప్పక్కా."

ఇంజను అందుకుంది. ఫెమియా అలవాటు కొద్దీ తిట్టడానికి నోరు తెరిచింది గాని తిట్టడానికేమీ లేదు. ఒక్క సెకను కూడా చైను చప్పుడు చెయ్యలేదు.

ఆమె బయలుదేరబోతుంటే ఫిదెన్సియో అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు.

"గుడారాలవాళ్ళని రావద్దన్నాను."

"మంచిది."

"ఇది మళ్ళీ ఆగుతుంది ఫెమియా. నాలుగు లక్షలు తిరిగిన ఇంజను."

"ఆగనీ. బాగు చేసుకుంటాను. పక్కకు జరుగు బావా, పధ్నాలుగు ఇళ్ళు ఎండిపోయి ఉన్నాయి."

ఆయన పక్కకు జరిగాడు గాని వెళ్ళలేదు. చుట్టూ తిరిగి వచ్చి, అటువైపు తలుపు తీసి, మోకాళ్ళు రెండు చేతులతో ఎత్తుకుంటూ ఎక్కి కూర్చున్నాడు.

"ఇందులో కొత్త ఆయిల్ ఉంది," అంది ఫెమియా. "ఏం మాట్లాడతావో చూసి మాట్లాడు."

"అందుకే ఎక్కాను." ఆయన గొంతు సవరించుకుని, ఆమె వైపు కాకుండా ఇంజను వైపు చూస్తూ చెప్పాడు. "బావి మీ నాన్న తవ్వించాడు. అది బెలెన్‌ది. బెలెన్ తరువాత నీది. నాది ఎప్పుడూ కాదు."

"గట్టిగా అను," అంది ఫెమియా గేరు వేస్తూ.

ఆయన గట్టిగా అన్నాడు.