గాటు పెట్టిన చేప

నురగ.

పైపు నోటి దగ్గర తెల్లగా, మెత్తగా, ఏకిన దూదిలా — నురగ.

అల వచ్చి తీసుకుపోతుంది. మళ్ళీ అంతే నురగ.

ఊరంతా వాడి పారబోసిన నీళ్ళు శుద్ధి కేంద్రంలో తొట్టి నుంచి తొట్టికి దిగి, ఈ పైపులోంచి సముద్రంలో కలుస్తాయి. శుభ్రమైన నీళ్ళే అంటాడు దర్జీ అల్లుడు. అక్కడి మోటార్లు చూసేది అతనే.

దర్జీ నమ్మడు.

దర్జీ భార్య ఈ పైపు పక్కనే ఆల్చిప్పలు ఏరింది. ఇంటికొచ్చి అరచేతులు అతని ముక్కు దగ్గర పెట్టింది. "చూడు, సముద్రాన్ని మోసుకొచ్చాను," అని నవ్వింది.

మర్నాడు వాంతులు. ఆ వారం దాటలేదు.

"తిన్నదేదో పడలేదు," అన్నాడు డాక్టరు. చేతులు దులుపుకున్నాడు.

దర్జీ దులుపుకోలేదు.

ఇప్పుడు మనవరాలు అక్కడే ఆడుతోంది. నురగతో గడ్డం పెట్టుకుని, "తాతా, నేనూ నీలా ముసలాణ్ణే!" అంటుంది.

అటు పంపకు అన్నాడు కూతురితో.

"అమ్మ పోయిందని ఊళ్ళో నీళ్ళన్నిటి మీదా పగబడతావా నాన్నా? ఆయన చూసుకుంటున్న నీళ్ళే కదా!"

అదే. ఆయన చూసుకుంటున్న నీళ్ళే.

చివరి తొట్టిలో చేపలుంటాయి. ఎవరొచ్చినా అల్లుడు వాటినే చూపిస్తాడు. నీళ్ళు చెడితే ముందు చచ్చేవి అవే. అవి బతికున్నాయంటే నీళ్ళు మంచివే.

"మనకంటే వాటికే హాయి మామయ్యా. అద్దె కట్టక్కర్లేదు, మామగారి గోల లేదు."

దర్జీ నవ్వలేదు. చేపల్నే చూశాడు. అన్నీ ఒకే కొలత. ఒకే తానులోంచి కత్తిరించినట్టు. ఎండల్లో చూసినా అదే కొలత, వానల్లో చూసినా అదే కొలత.

పెరగని చేపలు...

పెరిగేలోపే చస్తున్నాయా? చచ్చినవాటిని తీసి కొత్తవి వేస్తున్నారా?

బట్ట ముక్కలు ఒకదానికొకటి కలిసిపోకుండా దర్జీ అంచున చిన్న గాటు పెడతాడు. చెయ్యి మరిచిపోని పని.

అల్లుడికి ఫోనొచ్చింది. అవతలికి వెళ్ళాడు. దర్జీ గుప్పెడు తవుడు చల్లాడు. చేపలు మూగాయి. మగ్గుతో ఒకదాన్ని ఎత్తాడు. జేబులోంచి దారాలు కత్తిరించే కత్తెర తీశాడు. తోక అంచున —

ఒక్క గాటు.

నీళ్ళలోకి వదిలేశాడు.

మరుసటి వారం వెళ్ళాడు. తవుడు చల్లాడు. చేపలు మూగాయి. కొత్త చొక్కాకి కుట్లు చూసినట్టు ఒక్కొక్క తోకా చూశాడు.

అన్నీ నిండు తోకలే.

"తోక తెగిన చేప ఒకటుండాలి అల్లుడూ. ఏదీ?"

"తోక తెగిందా? అయితే కొంగ పనే మామయ్యా. మొన్న తోక రుచి చూసుంటుంది. నిన్న మొత్తం మింగేసుంటుంది."

కొంగ.

కావచ్చు. గట్టు మీద కొంగలు తిరుగుతూనే ఉంటాయి.

ఇన్ని చేపల్లో ఏరి ఏరి ఆ ఒక్కదాన్నేనా?

"సరే. పాపని పైపు దగ్గర ఆడుకోనివ్వమంటావా?"

అల్లుడు మోటారు వైపు తిరిగాడు. బోల్టు బిగించాడు. బిగిసే ఉన్న బోల్టు.

"నిన్నే. ఆడుకోనివ్వమంటావా?"

"ఏంటి మామయ్యా? మోటారు చప్పుడులో వినపడలేదు."

మోటారు ఆగి ఉంది.

దర్జీ ఒడ్డుకి నడిచాడు. పాప అక్కడే ఉంది. మోకాళ్ళ దాకా తెలుపు. రెక్క పట్టుకుని ఇసుకలోకి లాగాడు. తువ్వాలుతో తుడిచాడు. గట్టిగా, చర్మం ఎర్రబడేలా. చిన్న అరచేతులు ముక్కుకి ఆనించుకున్నాడు.

"ఏం వాసనొస్తోంది తాతా?"

సముద్రం వాసన. అదొక్కటే. ఇంకేమీ లేదు...

భార్య చేతులకీ ఆ రోజు ఇంకేమీ లేదు.

వెనక అల వచ్చింది. నురగని తీసుకుపోయింది.

మళ్ళీ అంతే నురగ.